హైస్కూల్లో క్లబ్బులు దసరా దాటి నడవాలంటే

ప్రశ్న: మాది గోదావరి మధ్య డెల్టాలో కాలువ గట్టు పక్కన ఉన్న జిల్లా పరిషత్ హైస్కూలు. 6 నుంచి 10 దాకా 280 మంది పిల్లలున్నారు. ఎకో క్లబ్బు, సైన్సు క్లబ్బు, గణిత క్లబ్బు, సాహిత్య క్లబ్బు అంటూ రిజిస్టర్లో మొత్తం ఆరు ఉన్నాయి. జూలైలో ఉత్సాహంగా మొదలవుతాయి, దసరా సెలవులయ్యాక ఒక్కటీ నడవదు. బడి వదలగానే ఆటోలు, బస్సులు వచ్చేస్తాయి కాబట్టి సాయంత్రం పిల్లల్ని ఉంచలేం. చేతిలో డబ్బూ లేదు. ఏం చేస్తే నిలబడతాయి?

సమాధానం:

టీచరు గారూ, ఈ ఏడాదికి ఆరు వద్దు, రెండు నడపండి. ఒకటి కొలిచే క్లబ్బు, రెండోది రాసే క్లబ్బు. ఎకో, సైన్సు, గణితం మూడూ మొదటి దాంట్లో కలిసిపోతాయి. సాహిత్యం, గ్రంథాలయం రెండో దాంట్లోకి వస్తాయి. ఒక్కో క్లబ్బుకి ఒక టీచరు బాధ్యుడు, ఇంకొకరు తోడు. తోడు టీచరు ఎందుకంటే, బాధ్యుడికి బదిలీ అయిన రోజే చాలా బడుల్లో క్లబ్బు ఆగిపోతుంది.

ముందు అవి ఎందుకు ఆగిపోతున్నాయో చూద్దాం. మన క్లబ్బులన్నీ దినోత్సవాలకి వేలాడుతుంటాయి. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, సెప్టెంబరు 16 ఓజోన్ దినం, డిసెంబరు 22 గణిత దినోత్సవం, ఫిబ్రవరి 28 సైన్సు దినోత్సవం. ఆ రోజున ఒక ప్రసంగం, ఒక ఫోటో. మళ్ళీ వచ్చే దినోత్సవం దాకా చేసేదేమీ ఉండదు. ఏడో తరగతి పిల్లవాడు మూడు వారాలు రాకపోయినా ఏ పనీ ఆగదు. తాను లేకపోయినా నడిచిపోయే చోటికి ఏ పిల్లవాడూ ఎక్కువ రోజులు రాడు. కాబట్టి పిల్లవాడు రాకపోతే ఆ రోజు పుస్తకంలో ఖాళీ మిగిలిపోయే పని ఒకటి పెట్టాలి. దినోత్సవాలు దాని మీద ఆనుకుని వాటంతట అవే జరుగుతాయి.

సభ్యుల సంగతి. కొలిచే క్లబ్బుకి 24 మంది చాలు. 7వ తరగతి నుంచి 8 మంది, 8 నుంచి 10 మంది, 9 నుంచి 6 మంది. పదో తరగతి వాళ్ళని సభ్యులుగా తీసుకోవద్దు, డిసెంబరు తర్వాత వాళ్ళకి ఊపిరి ఆడదు. ఏడో తరగతి వాళ్ళు తప్పనిసరిగా ఉండాలి, వచ్చే ఏడాది పని తెలిసినవాళ్ళు వాళ్ళే. ఈ 24 మందిని ఆరుగురేసి నాలుగు జట్లు చెయ్యండి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఒకే ఊరి పిల్లలు కలిసిమెలిసి ఉంటారని వాళ్ళందర్నీ ఒక జట్టులో వేస్తారు. వానొచ్చి ఆ ఊరి ఆటో రాకపోతే జట్టు జట్టంతా గైర్హాజరు అవుతుంది. ఊళ్ళు కలిపి వెయ్యండి. ప్రతి జట్టులోనూ బడికి నడిచి వచ్చే పిల్లలు కనీసం ఇద్దరుండాలి. సెలవు రోజుల పని నడిచేది ఆ ఇద్దరితోనే.

ఒక్కో జట్టుకి వరసగా ఒక్కో వారం. ఆ వారంలో ఇద్దరు రోజూ పొద్దున్న వాన కొలుస్తారు, ఇద్దరు శనివారం కాలువ నీళ్ళు చూస్తారు, ఒకరు పుస్తకం రాస్తారు, ఆరోవాళ్ళు పోయిన వారం జట్టు వేసిన లెక్కలు సరిచూస్తారు. ఆరోవాళ్ళ పని చిన్నదిగా కనిపిస్తుంది గానీ తప్పులు పట్టేది అక్కడే. సమావేశం శనివారం ఆఖరి పీరియడులో పెట్టండి, 40 నిమిషాలు. మొదటి 5 నిమిషాలు పోయిన వారం పుస్తకం పైకి చదవడం, 25 నిమిషాలు చేతి పని, 10 నిమిషాలు రాత. స్వాగతోపన్యాసం, వందన సమర్పణ మొదలుపెడితే పీరియడంతా వాటికే సరిపోతుంది.

ఇక వాన. డెల్టాలో బడి క్లబ్బుకి ఇంతకంటే మంచి పని లేదు. ఖర్చు తక్కువ, ప్రమాదం లేదు, జూన్‌లో మొదలై నవంబరు దాకా విడవకుండా ఉంటుంది.

వానమాపకం ఇలా చెయ్యండి. హార్డ్‌వేర్ కొట్లో 4 అంగుళాల పీవీసీ గొట్టం 45 సెంటీమీటర్ల ముక్క కోయించండి, దానికి సరిపడే ఎండ్ క్యాప్ ఒకటి తీసుకోండి. క్యాపుని సాల్వెంట్‌తో అతికించి ఒక రోజు ఆరనిచ్చి, నిండా నీళ్ళు పోసి రాత్రంతా ఉంచండి. తెల్లారి నీటి మట్టం తగ్గితే అతుకు కారుతున్నట్టు. పై అంచుని ఉప్పుకాగితంతో నునుపు చెయ్యండి. అంచు లోపలి వ్యాసాన్ని రెండు దిక్కుల్లో కొలిచి సగటు తీయించండి. 10.4 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. వ్యాసార్థం 5.2, వైశాల్యం 3.14 × 5.2 × 5.2, అంటే సుమారు 84.9 చదరపు సెంటీమీటర్లు. దాని మీద 1 మిల్లీమీటరు వాన పడితే గొట్టంలో చేరేది దాదాపు 8.5 మిల్లీలీటర్లు. పొద్దున్న ల్యాబ్‌లోని కొలజాడీలో నీళ్ళు వంపి చూస్తే 255 మిల్లీలీటర్లు ఉన్నాయి. 255ని 8.5తో భాగిస్తే 30 మిల్లీమీటర్ల వాన. వృత్త వైశాల్యం ఎందుకు నేర్చుకోవాలో ఎనిమిదో తరగతికి వేరే చెప్పక్కర్లేదు. గొట్టంలో స్కేలు ముంచి నేరుగా చదవకూడదా అని పిల్లలు అడుగుతారు. క్యాపు అడుగున గొట్టం కొలత కాస్త మారిపోతుంది, చిన్న వానలకి ఆ తేడాయే పెద్దదవుతుంది. వంపి కొలవడమే నయం.

ఎక్కడ పెట్టాలన్నదే అసలు చిక్కు. చుట్టూ కొబ్బరిచెట్లు లేని బడి కోనసీమలో దొరకడం కష్టం. నియమం ఏమిటంటే, చెట్టుగానీ గోడగానీ ఎంత ఎత్తుంటే దానికి కనీసం రెండింతల దూరంలో పెట్టాలి. 15 మీటర్ల కొబ్బరిచెట్టుకి 30 మీటర్లు. మేడ మీద పెడితే సరిపోతుంది కదా అనుకుంటారు గానీ, అక్కడ గాలి సుడి తిరిగి వానని గొట్టం మీదుగా లాగేస్తుంది, కొలత తక్కువ వస్తుంది. చాలా బడుల్లో కుదిరే చోటు జెండా దిమ్మ పక్కన. ఆరుబయలుగా ఉంటుంది, అక్కడ ఎవరూ బంతి ఆడరు. మూడు వెదురు గుంజలు పాతి మధ్యలో గొట్టాన్ని నిలబెట్టండి, పై అంచు నేలకి 30 సెంటీమీటర్ల కంటే తక్కువ ఎత్తులో ఉండకూడదు. ఉంటే నేల మీది చినుకు చిట్లి లోపల పడుతుంది. అంచు సమంగా ఉందో లేదో తాపీమేస్త్రి రసమట్టం పెట్టి నెలకోసారి చూడాలి. ఒక పక్కకి ఒరిగిన గొట్టం రోజూ అబద్ధమే చెబుతుంది.

కొలిచే వేళ పొద్దున్న 8:30. వాతావరణ శాఖ 24 గంటల వానని లెక్కకట్టేదీ ఆ వేళకే, కాబట్టి మీ అంకెని వాళ్ళ అంకె పక్కన పెట్టి చూడొచ్చు. రాతలో మూడు గుర్తులు ముందే ఖాయం చేసుకోండి. వాన పడకపోతే 0. తడి ఉన్నా కొలవడానికి చాలకపోతే ‘తుంపర’. ఎవరూ వెళ్ళి చూడకపోతే అడ్డగీత. ఈ మూడింటికీ తేడా పాటించని పుస్తకం దేనికీ పనికిరాదు. చూడని రోజుకి సున్నా రాస్తే వాన పడలేదని అబద్ధం రాసినట్టే అని పిల్లలకి మొదటి రోజే చెప్పండి. ఆదివారం ఎవరూ వెళ్ళకపోతే సోమవారం అంకె రాసి పక్కన ‘2 రోజులది’ అని రాయాలి, దాన్ని సగం చేసి పంచెయ్యకూడదు.

పుస్తకంలో కొన్ని వారాల అంకెలు చేరాక పని రుచి తెలుస్తుంది. రోజుకి 2.5 మిల్లీమీటర్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితేనే దాన్ని వానరోజుగా లెక్కేస్తారు. 64.5 నుంచి 115.5 దాకా భారీ వర్షం, 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ, ఆ పైన అత్యంత భారీ. టీవీలో వినే మాటకి కొలత ఉందని అప్పుడు తెలుస్తుంది. మండల కేంద్రంలో తహసీల్దారు కార్యాలయం దగ్గర నమోదయ్యే వానతో నెలకోసారి పోల్చండి. ఉరుముల వాన రోజుల్లో రెండింటికీ బాగా తేడా వస్తే కంగారు పడొద్దు. కాలువకి ఈ గట్టున కురిసి ఆ గట్టున కురవకపోవడం మన పెద్దవాళ్ళు ఎరిగిందే. గణితం టీచరు గారికి ఇంకో లెక్క: బడి డాబా పొడవు 30 మీటర్లు, వెడల్పు 8 అయితే 240 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వానంటే 1 లీటరు. 30 మిల్లీమీటర్ల వానకి డాబా మీంచి 7,200 లీటర్లు కారిపోయాయి. ఆ నీళ్ళు ఎటు పోతున్నాయో పిల్లలే వెతుక్కుంటూ వెళ్తారు.

తుపాను రోజుల గురించి గట్టిగా చెప్పాలి. 1996 నవంబరు 6 నాటి తుపాను మధ్య డెల్టాని ఏం చేసిందో పిల్లల తాతలు, నాయనమ్మలు చెబుతారు. హెచ్చరిక ఉన్న రోజున ఏ పిల్లా కొలతకి ఇల్లు కదలకూడదు. గాలీ వానా పూర్తిగా తగ్గాక, పెద్దవాళ్ళు సరే అన్నాక వెళ్ళి, మొత్తం కొలిచి ఎన్ని రోజులదో రాస్తే చాలు. 45 సెంటీమీటర్ల గొట్టం అంత వాననీ పట్టుకుంటుంది, పొర్లిపోతుందని భయం అక్కర్లేదు.

రెండోది కాలువ. ఇక్కడ మొదటి మాట భద్రత. పిల్లలు రేవు మెట్లు దిగకూడదు. నీళ్ళు తోడేది టీచరు లేదా బడి సిబ్బందిలో ఒకరు, గట్టు మీద నిలబడి తాడు కట్టిన చిన్న బకెట్టుతో. ఒకసారికి ఇద్దరు పిల్లలే వెంట రావాలి. కొలతలన్నీ బకెట్టు బడికి తెచ్చుకున్నాకే. బకెట్టుని మొదట రెండుసార్లు కాలువ నీళ్ళతోనే కడిగి, మూడోసారి నింపింది తీసుకోండి. ఒడ్డున గుర్రపుడెక్క ఆగిన చోట కాకుండా పారే నీళ్ళు తోడాలి.

చూడాల్సిన వాటిలో బాగా పనికొచ్చేది నీటి మసక. ల్యాబ్‌లో పొడవాటి గాజు కొలజాడీ ఉంటుంది కదా, దాని కింద తెల్లకాగితం మీద నల్ల స్కెచ్‌పెన్నుతో ఇంటూ గుర్తు వేసి పెట్టండి. పైనుంచి చూస్తూ బకెట్టు నీళ్ళని బాగా కలిపి మెల్లగా పొయ్యాలి. గుర్తు కనపడకుండా పోయిన చోట ఆపి నీటి ఎత్తుని సెంటీమీటర్లలో రాయాలి. జాడీ నిండినా గుర్తు కనిపిస్తుంటే ‘జాడీ కంటే ఎక్కువ’ అని రాస్తే సరి. ఎండలో నిలబడి చూడొద్దు, వరండా నీడలో ప్రతిసారీ ఒకే చోట చూడాలి. ఇద్దరు విడివిడిగా చూసి రెండు అంకెలూ రాయాలి, ఒకళ్ళ కన్ను ఇంకొకళ్ళ కన్నులా ఉండదు. గోదావరికి వరదొచ్చి ఎర్రనీరు దిగినప్పుడు ఈ అంకె ఒక్కసారిగా పడిపోతుంది. కొద్ది సెంటీమీటర్లకే గుర్తు మాయమవుతుంది. వరద తీశాక వారం వారం మళ్ళీ పెరుగుతూ వస్తుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం పేపర్లో రోజూ వస్తుంది, దాన్ని పక్క గడిలో రాయించండి. ఎగువన ఆనకట్ట దగ్గర వరద పెరిగాక తమ ఊరి కాలువలో నీళ్ళు ఎన్నాళ్ళకి ఎర్రబడ్డాయో పిల్లలు స్వయంగా కనిపెడతారు. 1852లో కాటన్ దొర పూర్తి చేసిన ఆనకట్ట పాఠం ఆ పూట చెప్పండి, తలకెక్కుతుంది.

నీళ్ళ ఆమ్ల, క్షార గుణం చూపే పీహెచ్ కాగితం మీద ఎక్కువ ఆశలు పెట్టుకోవద్దు. 1 నుంచి 14 దాకా ఉండే మామూలు కాగితం అంకెల మధ్య తేడా చూపించలేదు. కాలువ నీళ్ళకి ప్రతి వారం 7 లేదా 8 అనే వస్తుంది. పిల్లలకి మూడో వారానికి విసుగొస్తుంది, నాలుగో వారం చూడకుండానే 7 రాసేస్తారు. ఆ డబ్బుతో నీళ్ళలో కరిగిన ఉప్పులెంతో చూపే, పెన్నులా ఉండే టీడీఎస్ మీటరు కొనండి. కాలువ, బడి బోరు, ఊళ్ళో క్యాన్ నీళ్ళు, వాననీళ్ళు ఈ నాలుగూ నెలకోసారి చూడండి. మీటరు కొసని ముందు వాననీళ్ళతో కడిగి, గీత దాకానే ముంచి, అంకె నిలిచేదాకా అర నిమిషం ఆగి చదవాలి. పైన తల దాకా ముంచితే లోపలికి నీరెక్కి పాడవుతుంది. రొయ్యల చెరువు నీళ్ళలో, సముద్రపు నీళ్ళలో పెడితే చాలా మీటర్లు వాటి హద్దు దాటిపోయి అర్థంలేని అంకె చూపిస్తాయి. మీ బడి తీరానికి దగ్గరైతే బోరు అంకె వేసవిలో ఎలా పెరుగుతుందో, వానల తర్వాత ఎలా దిగుతుందో చూడటమే ఏడాది పాటు సాగే ప్రాజెక్టు.

ఒక హెచ్చరిక. తాగునీటి భారతీయ ప్రమాణంలో టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాములు మించకూడదని, వేరే ఆధారం లేని చోట 2,000 దాకా ఒప్పుకోవచ్చని ఉంది. అయితే ఆ మీటరు చూపేది కరిగిన ఉప్పుల్ని మాత్రమే, సూక్ష్మజీవుల్ని కాదు. 60 చూపించిన నీళ్ళు మంచివనీ 700 చూపించినవి విషమనీ పిల్లలు ఇంటికెళ్ళి చెప్పేస్తే ఊళ్ళో లేనిపోని గొడవ. బడి నీళ్ళ మీద అనుమానం వస్తే ఆ అంకెని గోడకి అంటించకుండా ముందు హెచ్‌ఎం గారికి చూపించి, గ్రామీణ నీటి సరఫరా వాళ్ళ ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. క్లబ్బు పుస్తకం ఆ పరీక్ష అడగడానికి ఆధారం, అంతవరకే.

ఇక్కడితో కొలతలు చాలు. ఆసక్తి ఉన్న నలుగురు పిల్లలు ఇంకా కావాలంటే కొబ్బరి తెల్లదోమ ఇవ్వండి. ఆకు అడుగున తెల్లని సుడులు సుడులుగా గుడ్లు పెట్టే ఈ పురుగు మన రాష్ట్రంలో కడియం ప్రాంతంలో 2016లో కనిపించింది. బడి చుట్టుపక్కల నేల మీంచి చేతికందే ఐదు పొట్టి చెట్లు ఎంచుకుని రంగుతో అంకెలు వెయ్యండి. చెట్టుకి కింది మట్ట ఒకటి, దానిలో నాలుగు ఆకులు, ఒక్కో ఆకు అడుగున ఎన్ని సుడులున్నాయో 15 రోజులకోసారి లెక్క. చెట్టెక్కడం లేదు, మందు చల్లడం లేదు. ఆ అంకెల్ని వాన పుస్తకం పక్కన పెట్టి గట్టి వానల తర్వాత సుడులు తగ్గాయా అని చూడాలి. జవాబు వాళ్ళ అంకెల్లోంచే రావాలి. అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానంలో ఈ పురుగుని అణచడానికి మిత్ర శిలీంధ్రాన్ని పెంచుతారు, అక్కడికి తీసుకెళ్తే పిల్లలు అడిగే ప్రశ్నలు వేరేగా ఉంటాయి. 10 నుంచి 17 ఏళ్ళ పిల్లల కోసం 1993లో మొదలైన జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ అడిగేదీ ఇలాంటి స్థానిక పనే. ఆఖరి వారంలో థర్మాకోల్ నమూనా చేయించే బాధ తప్పుతుంది.

రాసే క్లబ్బుకి వస్తే, గోడపత్రిక ఒక్కటి పెట్టండి. 15 రోజులకోసారి, రెండు చార్టుల మేర, అంతకంటే పెద్దది వద్దు. 16 మంది సభ్యులు, సంచికకి నలుగురు సంపాదకులు, నలుగురూ ప్రతిసారీ మారాలి. గోడపత్రికలు మూడో సంచికతో ఎందుకు ఆగుతాయంటే, దస్తూరీ బాగున్న ఇద్దరు ఆడపిల్లల మీదే రాతంతా పడుతుంది, వాళ్ళు అలిసిపోతారు. అందుకని ఎవరు రాసింది వాళ్ళే సాఫీ కాగితం మీద రాయాలి, దస్తూరీ ఎలా ఉన్నా సరే. గీతల కాగితం సగం ముక్క, 15 వరసలు మించకూడదు. సోమవారం రచనలు తీసుకోవడం, బుధవారం చదివి వెనక్కివ్వడం, శుక్రవారం సాఫీ ప్రతి, శనివారం అంటించడం.

ఏం రాయాలన్నదే పెద్ద ప్రశ్న. ‘చెట్లు మన నేస్తాలు’ అని రాయమంటే పదహారు మందీ ఒకటే రాస్తారు, అదీ గైడులోంచి. బదులుగా ప్రతి సంచికకీ ఒక వృత్తి ఇవ్వండి, ఆ వృత్తిలోని మాటలు ఇంట్లో, ఊళ్ళో అడిగి తెమ్మనండి. కొబ్బరి తోట ఇచ్చారనుకోండి: దింపు, ఒలుపు, గెల, మట్ట, ఈనె, డొక్క, పీచు, బొండం, కురిడీ. ఒక్కో మాటకి ఎవరు చెప్పారు, దేన్ని అంటారు, ఆ మాటతో వాళ్ళు మామూలుగా ఎలా మాట్లాడతారు, ఇలా మూడు వాక్యాలు. దింపు తీసే నాన్న ఉన్న పిల్లవాడు ఆ వారం తరగతిలో అందరికంటే ఎక్కువ తెలిసినవాడు అవుతాడు. రేవు మాటలు, వరి కోతల మాటలు, చేపల మాటలు, నేత మాటలు, వంటింటి మాటలు వరసగా పెట్టుకుంటే ఏడాదికి సరిపోతాయి. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు వారి జయంతినే మనం ఆగస్టు 29న చేసుకుంటున్నాం కాబట్టి, ఆ రోజుకి అప్పటిదాకా పోగైన మాటల్ని ఒక నోటు పుస్తకంగా కుట్టి గ్రంథాలయంలో పెట్టండి. వేరే కార్యక్రమం అక్కర్లేదు.

అంటించడంలో రెండు జాగ్రత్తలు. మైదా జిగురు వాడితే మన తేమకి బూజు, దానికి బొద్దింకలు. గుండుసూదులే మేలు, థర్మాకోల్ పలకకి గుడ్డ చుట్టి దాని మీద గుచ్చండి. బోర్డుని తూర్పు వరండాలో పెట్టొద్దు, అక్టోబరు, నవంబరు వానజల్లు నేరుగా కొడుతుంది. దించిన కాగితాలు పారెయ్యకుండా సంచిక నంబరు వేసి ఫైల్లో పెట్టాలి. తన రాత దాచి ఉంచారని తెలిస్తే పిల్లవాడు మళ్ళీ రాస్తాడు.

పెరటి తోట గురించి మీరు అడగలేదు గానీ ఎకో క్లబ్బు అనగానే పైనుంచి అడిగేది అదే. జూలైలో మొదలుపెట్టకండి. మన ఒండ్రు నేలలో అప్పుడు వేసిన మడి సెప్టెంబరుకి నీళ్ళలో నానిపోతుంది, విత్తనం కుళ్ళుతుంది, పిల్లలకి మనసు విరుగుతుంది. వానలు తగ్గుముఖం పట్టాక, నవంబరు నడిమికి మడులు కట్టండి. మీటరు వెడల్పు, మూడు మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల ఎత్తు, మడుల మధ్య నీళ్ళు పోయే బోదె. వెడల్పు మీటరు దాటితే ఏడో తరగతి పిల్ల చెయ్యి మధ్యకి అందదు, మడి తొక్కుతారు. తోటకూరతో మొదలుపెట్టండి, నెల లోపు కోతకొస్తుంది. చిటికెడు విత్తనాన్ని గుప్పెడు పొడి ఇసుకలో కలిపి చల్లితే ఒకేచోట గుంపుగా పడదు. ఒక మడికి రెండు మూడు కిలోల ఆకుకూర రావచ్చు. 280 మందికి అది చాలదు, కానీ ఆ రోజు భోజనంలో పప్పులో పడుతుంది, అది పిల్లలకి చాలు. గొప్ప అన్నదాత డొక్కా సీతమ్మ గారు కోనసీమ ఆవిడే కాబట్టి ఆ మాట ఆ పూట చెప్పడానికి బాగుంటుంది. సంక్రాంతి సెలవుల్లో నీళ్ళు పోసేవాళ్ళు లేక తోటలు ఎండిపోతాయి. సెలవుల ముందు రోజు మొక్కల మధ్య కొబ్బరి డొక్కలు, ఎండుగడ్డి మందంగా పరిచి బాగా తడిపి, నడిచి వచ్చే పిల్లలకి మూడు రోజులకోసారి వంతు వెయ్యండి. మేకలకి తాటాకు దడి కట్టాల్సిందే.

ఎరువు గుంట తవ్వించమని అంటారు. ఇక్కడ అది కుదరదు, రెండడుగులు తవ్వితే వానాకాలంలో గుంటలోకే నీరూరుతుంది. బావికి వాడే సిమెంటు ఒర ఒకటి నేల మీదే పెట్టి, అడుగున ఇటుక ముక్కలు పరిచి, రెండు పాళ్ళు ఎండాకుకి ఒక పాలు కూరగాయ తొక్కలు పొరలుగా వెయ్యండి. పదిరోజులకోసారి తిరగేస్తే రెండు మూడు నెలల్లో ఎరువవుతుంది. మిగిలిన అన్నం, కూర, సాంబారు అందులో వేస్తే వాసన, ఎలుకలు, వంట చేసే అమ్మల కోపం. కొబ్బరి మట్టలు అలాగే వేస్తే ఏడాదైనా కుళ్ళవు.

డబ్బు లెక్క. సమగ్ర శిక్ష పథకం నిబంధనల్లో యూత్, ఎకో క్లబ్బులకి హైస్కూలుకి ఏడాదికి 25,000 రూపాయల దాకా పద్దు ఉంది, మీ బడి ఖాతాలో ఏం పడిందో హెచ్‌ఎం గారిని అడగండి. అది పడేదాకా ఆగొద్దు. గొట్టం ముక్క, క్యాపు, తాడు, బకెట్టు, టీడీఎస్ మీటరు, రెండు లాంగ్‌బుక్కులు, గుండుసూదులు, ఇంతే కావాల్సింది. కొలజాడీలు ల్యాబ్‌లో ఉన్నాయి. డబ్బు వచ్చాక కూడా ఫ్లెక్సీలకి, టోపీలకి పెట్టకండి, రెండో మీటరు, ఇంకో కొలజాడీ కొనండి. గాజుది ఎప్పుడో ఒకప్పుడు పగులుతుంది, పగిలిన రోజు పని ఆగకూడదు. పగలగొట్టిన పిల్లని తిట్టకండి, తిడితే మర్నాటి నుంచి ఎవరూ ముట్టుకోరు. ప్రతి వస్తువూ స్టాకు రిజిస్టర్లో ఎక్కించండి, ఖర్చుల పుస్తకం తొమ్మిదో తరగతి వాళ్ళిద్దరి చేత రాయించండి.

ఏడాదికి ఒక్క యాత్ర చాలు, జనవరి ఆఖరు, ఫిబ్రవరి మొదటి వారం మధ్యలో, కోరింగ మడ అడవికి. ఫిబ్రవరి 2 చిత్తడి నేలల దినం కూడా అప్పుడే వస్తుంది. 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు అభయారణ్యం అది, మొత్తం చూపించాలని పరుగులు పెట్టించకండి. పాటు వేళకి, అంటే సముద్రపు నీరు వెనక్కి తీసే వేళకి చేరేలా బయలుదేరండి. మడ చెట్ల ఊపిరి వేర్లు బురదలోంచి మేకుల్లా పైకి లేచి కనిపించేది నీరు తీసినప్పుడే, పోటు మీదుంటే నీళ్ళు తప్ప ఏమీ కనపడవు. పోటు పాటుల వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి ముందు వారం వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పిన టైము పనికిరాదు, తీరం దగ్గరి మత్స్యకారుల్ని ఆ రోజు సంగతి అడగండి. తల్లిదండ్రుల సంతకాలు, పది మందికి ఒక టీచరు, అటవీ శాఖకి ముందుగా ఉత్తరం. పిల్లల చేతికి నలభై ప్రశ్నల కాగితం ఇవ్వొద్దు, నాలుగు చాలు: ఒక అడుగు చదరంలో ఎన్ని ఊపిరి వేర్లున్నాయి, ఆకు రెండు వైపులా ఎలా ఉంది, బురద మీద ఎవరి అడుగులు కనిపించాయి, కాలువలో చూడని పక్షి ఏది.

దసరా ముందు వారం ఒక పని మాత్రం మర్చిపోకండి. మీ క్లబ్బు కూలేది అక్కడే అన్నారు కాబట్టి చెబుతున్నాను. సెలవులకి ముందు శనివారం, సెలవుల్లో వాన ఎవరు కొలుస్తారో తేదీల వారీగా పుస్తకంలోనే రాసి, ఆ పిల్లల ఇంటివాళ్ళకి స్వయంగా చెప్పండి. బడి గేటు తాళం ఎవరి దగ్గరుంటుందో చూసుకోండి, చాలాసార్లు పిల్లలు వచ్చి గేటు దగ్గర్నుంచి వెనక్కి వెళ్ళిపోతారు. తెరిచిన మొదటి రోజు అసెంబ్లీలో ఆ పిల్లల చేత సెలవుల వాన అంకెలు చదివించండి. పరీక్షల వారాల్లో సమావేశం మానెయ్యొచ్చు, పొద్దుటి కొలత మానకూడదు. దానికి పట్టేది ఐదు నిమిషాలే.

ఫిబ్రవరిలో పని అప్పగింత. నాలుగు శనివారాలు తొమ్మిదో తరగతి వాళ్ళు మాట్లాడకుండా నిలబడాలి, ఏడు, ఎనిమిది వాళ్ళు వాళ్ళ ముందు అన్నీ చెయ్యాలి, తప్పు చేస్తేనే తొమ్మిది వాళ్ళు నోరు విప్పాలి. వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఆఖరి మసక కొలత తీసి గీత కొట్టి తేదీ వెయ్యండి. మీటరులోంచి బ్యాటరీలు తీసి విడిగా పెట్టండి, లోపలే ఉంటే జూన్‌కల్లా కారి తుప్పు పడుతుంది. గొట్టం మాత్రం దించకండి. మే నెలలో ఉరుముల వాన పడుతుంది, పుస్తకం బడికి దగ్గరి పిల్ల ఇంట్లో ఉండనివ్వండి.